కోటపాడుకి కొత్త వర్షన్

నాగవేణి ఎదురుగా కూర్చుని ఉన్నా రైతులు ఆమెతో మాట్లాడేవారు కారు. కంప్యూటర్ వీపు వైపు చూసి, "నా సెరకు తోట ఎప్పుడు నరకమంతాది అది?" అని అడిగేవారు. ఆ డబ్బాకి లేని నోరు నాగవేణికి ఉంది కాబట్టి సరిపోయింది.

"అది అనదు బాబూ, నానంతాను. పై బుధవారం నరుక్కో" అనేది.

రైతు అప్పుడూ ఆమెకి కాదు, ఆ డబ్బాకే దండం పెట్టి వెళ్ళేవాడు.

చోడవరంలో శారద చెరకు రైతుల సంఘం అని ఒకటుండేది. దానికి నాలుగు కాటాలు. చోడవరంలో ఒకటి, బుచ్చయ్యపేటలో ఒకటి, రావికమతంలో ఒకటి, కె.కోటపాడులో ఒకటి. కాటా అంటే చెరకు బండి అమాంతం ఎక్కి తూగే చోటు. ఏ రైతు ఏ రోజు నరికి ఏ కాటాకి తేవాలో ముందే చీటీ రాసిస్తారు. దాన్ని కటింగ్ ఆర్డరు అంటారు. ఆ చీటీ లేకుండా నరికితే చెరకు పొలంలోనో బండి మీదో ఎండుతుంది. నరికిన చెరకు పెళ్ళికూతురు లాంటిది కాదు, ముస్తాబు చేసి కూర్చోబెట్టడానికి. పొద్దున నరికింది సాయంత్రానికి బరువు తగ్గుతుంది. మూడో రోజుకి పొయ్యిలోకి పనికొస్తుంది.

ఆ చీటీలు ఒకప్పుడు గుమాస్తాలు చేత్తో రాసేవారు. తొంభైనాలుగులో నాలుగు కాటాలకీ నాలుగు కంప్యూటర్లు పెట్టేరు. అప్పుడు చేరింది నాగవేణి. రావికమతం వైపు పిల్ల. ఇంటర్ చదివి, అనకాపల్లిలో ఆర్నెల్లు కంప్యూటర్ నేర్చుకుంది. మొగుడు సత్యారావు చోడవరానికీ కోటపాడుకీ మధ్య షేర్ ఆటో తోలతాడు. ఇంట్లో అత్త అచ్చియ్యమ్మ. కంప్యూటర్ ఉద్యోగం అంటే కోడలు నీడపట్టున కూర్చుంటుందని ఆవిడ చాలా రోజులు సంబరపడింది. తీరా చూస్తే కోడలు ఫ్లాపీల డబ్బా చంకన పెట్టుకుని, నాలుగు కాటాలకీ బస్సెక్కి తిరుగుతూనే ఉంది.

ఐదేళ్ళయినా నాగవేణిది టెంపరరీ ఉద్యోగమే. ఏటా ఉగాదికి మేనేజరు గణపతిరావు ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇంకో ఏడాదికి పొడిగించేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. భయస్తుడికి కుర్చీ ఇస్తే చెడ్డవాడి పనులన్నీ చేస్తాడు, అంతే తేడా.

నాగవేణి బస్సుల్లో తిరగడానికి కారణం ఉంది. కంప్యూటర్ లోపల పని చేసే ప్రోగ్రాముని విశాఖపట్నంలో ఒక కంపెనీ రాసిచ్చింది. ఏడాదికో రెండేళ్ళకో దాన్ని బాగుచేసి కొత్తది పంపుతారు. దాన్నే కొత్త వర్షన్ అంటారు. అది నాలుగు చోట్లా ఎక్కించాలి. ఒక చోట పాతదీ ఒక చోట కొత్తదీ తప్పుగా కలిస్తే, కోటపాడు రైతు తోట బుచ్చయ్యపేటలో తేలుతుంది.

తొంభైయేడులో రెండో వర్షన్ వచ్చింది. అప్పుడు మేనేజరు ఎవరినీ అడగలేదు. సీజను మధ్యలో, బళ్ళు వచ్చే రోజున, నాలుగు కాటాల్లోనూ ఒక్కసారే వేయించేశాడు. నాలుగూ ఒక్కసారే పడుకున్నాయి. రెండున్నర రోజులు బళ్ళు రోడ్డు మీద ఉండిపోయాయి. ఎడ్లు కాడి కింద నుంచి కదలక, మూతికి అందిన చెరకు ఆకులన్నీ నమిలేశాయి. కోటపాడు దగ్గర తవిటయ్య అని ఒక ముసలి రైతు, మూడో రోజు పొద్దున కాటా కిటికీలోంచి తల పెట్టి అడిగాడు.

"అమ్మా, నేను తెచ్చినప్పుడు ఇది సెరకే. ఇప్పుడు వంటసెరకయ్యింది. మీ మిసను దీన్ని ఏటని రాసుకుంతాది?"

ఆ మాటకి నాగవేణి సిగ్గుతో చచ్చిపోయింది. తప్పు తనది కాదు. అయినా కిటికీ ఇవతల కూర్చున్నది తనే కదా. ఆ తర్వాత నుంచి ఆమె ఒక నోటు పుస్తకం పెట్టింది. ఏ కాటాలో ఏ వర్షన్ ఉంది, ఎప్పుడు ఎక్కించారు, ఎక్కడ మొరాయించింది, ఎలా దారికొచ్చింది, అన్నీ రాసేది. ఎవరూ రాయమనలేదు. ఎవరూ చూపించమనలేదు కూడా.

తొంభైతొమ్మిది నవంబరులో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మూడో వర్షన్ తయారైంది, డిసెంబరు దాటకుండా ఎక్కించుకోవాలి. ఆ ఏడు లోకంలో కంప్యూటర్లన్నిటికీ ఒకటే జబ్బు. సంవత్సరంలో చివరి రెండంకెలే దాచుకోవడం వాటి అలవాటు. తొంభైతొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే, కాలం ముందుకు పోయిందో వెనక్కి పోయిందో వాటికి తెలీదు. తొంభైతొమ్మిదిలో నాటిన చెరకు ఇంకా నాటనే లేదని అనుకుంటాయి. నాటని చెరక్కి కటింగ్ ఆర్డరెక్కడిది?

గణపతిరావు ఉత్తరం చదివి తేల్చేశాడు. "డిసెంబరు ముప్పయ్యొకటిన నాలుగు కాటాలకీ ఒక్కసారే వేసీడమే. సంఘం ప్రెసిడెంటుగారు వచ్చి కొబ్బరికాయ కొడతారు. కంపెనీ అబ్బాయి సంతోష్‌కుమార్ ఉంటాడు. నువ్వు పక్కనుంటే చాలు."

తొంభైయేడులో పడ్డ పాట్లు నాగవేణికి నోటిదాకా వచ్చాయి. ఇంటికెళ్ళి అత్తతో అంది.

అచ్చియ్యమ్మ పెరట్లో పిడకలు తిరగేస్తోంది. కోడలు చెప్పినదంతా విని, అర్థమైన ముక్క పట్టుకుంది.

"అంటే పాత ఎద్దులు నాలుగూ ఇప్పీసి, నాలుగు కొత్త గిత్తల్ని ఒకేపాలి బళ్ళకి కట్టిస్తాడేటి మీ మేనేజరు?"

"అలాగే అత్తా."

"ఆడి బుర్రకి తౌడెట్టా! కొత్త గిత్తని పాత ఎద్దు పక్కన కట్టాల. నాలుగు రోజులు ఖాళీ బండి తోలాల. అదెటు గుంజుతాదో సూడాల. అప్పుడు కదా బరువెయ్యడం. ఇది సెప్పలేకపోనావా?"

"ఆయన మేనేజరు. నాను టెంపరరీ."

"టెంపరరీ నోరు కాదు కదే."

మర్నాడు నాగవేణి ఒక కాగితం మీద గీతలు గీసి తీసుకెళ్ళింది. ముందు కోటపాడు. అది అన్నిటికన్నా చిన్న కాటా. డిసెంబరు పదకొండు, శనివారం. ఆ రోజు కోటపాడుకి ఒక్క కటింగ్ ఆర్డరూ ఇవ్వకూడదు. పాత ప్రోగ్రాము ఫ్లాపీలు పక్కనే ఉంచుకోవాలి. కొత్తది ఎక్కించి, ఎవరు ఎప్పుడు నరకాలో పాతదాంతో ఒక పట్టీ, కొత్తదాంతో ఒక పట్టీ అచ్చుకొట్టి, పేరు పేరునా పోల్చాలి. తేడా వస్తే సాయంత్రానికి పాతదే పెట్టేయాలి. బాగుంటే వారానికి బుచ్చయ్యపేట, ఆ తర్వాత రావికమతం. పెద్ద కాటా చోడవరం ఆఖర్న.

గణపతిరావు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "వీటన్నిటికీ రైతులు ఒప్పుకోవద్దా? రావద్దంటే మానేస్తారా మన రైతులు?"

"ముందు చెప్తే మానేస్తారు సార్. కొత్త గిత్తని..." అని గిత్తల సంగతి చెప్పింది. మేనేజరుది కూడా వ్యవసాయం ఇల్లే. కంప్యూటర్ భాషలో ఎక్కనిది గిత్తల భాషలో ఎక్కింది. కాని భయం ఎక్కడికి పోతుంది?

"సరే, కోటపాడు చూద్దాం. మిగతావి తర్వాత. కాని ఒకటి నాగవేణీ. ఆ శనివారం కాటా దగ్గర ఒక్క బండి నిలబడిపోయిందనుకో, ఒక్కటి, ఉగాది కాగితం గురించి నన్నడక్కు."

"అలాగే సార్" అంది నాగవేణి.

రైతులకి కబురు చెప్పేవాడు ఫీల్డుమేన్ పెదబాబు. చిన్న మోపెడ్ మీద ఊరూరా తిరుగుతూ, దిగకుండానే కేకలేసి పోతాడు. మోపెడ్ ఆపితే మళ్ళీ స్టార్టవ్వదని అతని భయం. నాగవేణి అతనికి రెండుసార్లు అప్పజెప్పింది.

"సనివారం కోటపాడు కాటాకి కొత్త వర్షన్ వస్తాది, ఆ రోజు ఎవులూ సెరకు నరకద్దు, బళ్ళు తేవద్దు. ఇంతే సెప్పు పెదబాబూ. ఎక్కువ సెప్పకు."

"ఎక్కువెందుకు సెప్తానమ్మా, పెట్రోలెక్కడుంది!" అని పెదబాబు బయల్దేరాడు.

అంతా సర్దుకుందనుకుంది నాగవేణి. గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అచ్చియ్యమ్మ ఇల్లు ఇల్లంతా తిరగేస్తోంది. పెరట్లో పిడకలన్నీ వసారాలోకి చేరాయి. డాబా మీద ఎండబెట్టిన ధాన్యం బస్తాలకెక్కింది. మంచం లోపల, కట్టెలు లోపల, మేకపిల్ల కూడా లోపలే ఉంది.

"ఏటత్తా ఇదంతా?"

"ఏటంతావేటే, వర్సం! సనివారం పెద్ద వర్సమట. ఇలాంటి వర్సం మునుపెప్పుడూ పడలేదట. కొత్త వర్సమట!"

నాగవేణి ఆకాశం చూసింది. డిసెంబరు నెల ఆకాశం, కడిగిన కంచంలా ఉంది. "ఎవులు సెప్పేరు?"

అచ్చియ్యమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సూడు దీని గోరోజనం! మీ కంప్యూటరే సెప్పిందట కదే! కోటపాడంతా గోలెత్తిపోతంది. సత్యారావు ఆటోలో ఎక్కినోళ్ళందరూ అదే మాట. ఇంట్లో కంప్యూటర్ కోడలుండీ నాకు బయటోళ్ళ వల్ల తెలిసింది. ఒక్క ముక్క అత్తకి సెప్తే నోరరిగిపోద్దా?"

నాగవేణి గుమ్మం మీదే కూర్చుండిపోయింది. శనివారం కోటపాడుకి కొత్త వర్షన్ వస్తాది. మోపెడ్ చప్పుడులో, గాలిలో, పెదబాబు కేకలో, ఆ మాట చివర ఏముంటే ఏం? వర్షన్ అనే మాట ఎవరికి తెలుసు? వర్సం అందరికీ తెలుసు. పైగా అక్టోబరులోనే ఒరిస్సాని తుఫాను ముంచేసి పోయింది. ఆ భయం ఇంకా ఒంట్లోనే ఉంది జనానికి. చెరకు నరకద్దు, బళ్ళు తేవద్దు అని సంఘమే చెప్పిస్తే, అది తుఫాను కాక ఇంకేమిటి?

"అత్తా, అది వర్సం కాదు. వర్షన్. నేను సెప్పిన గిత్త."

అచ్చియ్యమ్మకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెడితే మేకపిల్ల బెదిరి బయటికి పరిగెత్తింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి ఆగింది.

"ఒసే, మరి నరికేస్తారు కదే."

"ఏటి?"

"సెరకు! సనివారం వర్సమంటే రేపే నరికి తోలీరూ? తడిసిపోతే దారి బురదైపోద్ది, బళ్ళు దిగబడిపోతాయి. నేనైతే ఇయ్యేళే నరుకుదును."

శుక్రవారం తెల్లవారగానే సత్యారావు ఆటోలో నాగవేణి కోటపాడు చేరింది. అత్త అన్నదే అయింది. కాటా గేటు నుంచి రోడ్డు మలుపు దాకా బళ్ళు, ట్రాక్టర్లు. మామూలుగా రోజుకి పాతికుంటే గొప్ప. ఆ పొద్దున లెక్కపెడితే అరవై దాటాయి. శుక్రవారానికి ఆర్డరున్నవాళ్ళూ, సోమవారానికి ఉన్నవాళ్ళూ, మంగళవారానికి ఉన్నవాళ్ళూ అంతా నరికేసి తెచ్చేశారు. పెదబాబు తన మోపెడ్ వెనక దాక్కున్నాడు.

"నాను వర్సనే అన్నానమ్మా! తల్లి తోడు! ఆళ్ళ సెవులకి నేనేటి సేస్తాను!"

"నీ సెవులకి ఏటి వినపడిందో ముందు సెప్పు."

పెదబాబు తల గోక్కున్నాడు. "నాక్కూడా... వర్సమనే వినపడినాది. మా ఇంటోల్లు వడియాలు లోపలెట్టీసినారు."

నాగవేణి మొదటి బండి కాడి మీదకెక్కి నిలబడి అరిచింది. "బాబూ, వర్షం లేదు! వర్షన్! కంప్యూటర్ లోపల మార్పు, అంతే! వాన రాదు!"

ముందు వరసలో తవిటయ్య. "వూరుకో అమ్మా. జనం బెదిరిపోతారని అలాగంతన్నావు. మాకు తెలీదేటి? గవర్నమెంటోళ్ళు తుఫాను ముందర కూడా ఇలాగే, ఏటీ లేదు ఏటీ లేదంతారు."

"నాను గవర్నమెంటు కాదు తాతా!"

"మీ డబ్బా ఎప్పుడూ అబద్దమాడదమ్మా. నువ్వాడితే ఆడొచ్చు."

అంతలో ఆఫీసు ఫోను మోగింది. గణపతిరావు. ఆయనకి అప్పటికే కబురందింది. "ఏటమ్మా ఇది? రేపటికి ఒక్క బండి వద్దంటే ఇయ్యేళ అరవై బళ్ళా? ఆపీ. అంతా ఆపీ. ముప్పయ్యొకటినే వేయిద్దాం, ఆ కంపెనీ అబ్బాయే చూసుకుంటాడు. నేను బయల్దేరి వస్తన్నాను."

నాగవేణి ఫోను పెట్టేసి కిటికీలోంచి బళ్ళ వరస చూసింది. ఏడుపు రావలసిన చోట ఆమెకి ఇంకేదో తట్టింది. పై వారం రావలసినవాళ్ళు కూడా ఇవాళే వచ్చేశారు. అంటే రేపు ఈ గేటు దగ్గర ఈగ కూడా ఉండదు. తాను బతిమాలినా దొరకని ఖాళీ రోజు ఈ పిచ్చి మాట వల్ల దొరుకుతోంది. కావలసింది ఒక్కటే. ఇవాళ పొద్దు గుంకేలోగా అరవై బళ్ళూ తూగాలి.

కాటా తూచడం రెండు నిమిషాలు. ఆలస్యమంతా లోపలే. పేరు కొట్టాలి, తోట నంబరు కొట్టాలి, ప్రింటరు దగ్గుతూ మూలుగుతూ చీటీ ఇవ్వాలి. నాగవేణి ప్రింటరు నొక్కి ఆపేసింది. కాగితాల కట్ట తీసింది.

"పెదబాబూ! నీ గొంతుకి ఇయ్యేళ పనుంది. బరువు సదువు. నాను సేత్తో రాస్తాను. కంప్యూటర్లోకి సాయంత్రం ఎక్కించుకుందాం. తవిటయ్య తాతా! నువ్వు వరస నిలబెట్టు. ఇయ్యేళ ఆర్డరున్నోళ్ళు ముందు. తర్వాత దూరం నుంచొచ్చినోళ్ళు. ట్రాక్టర్లు ఆఖరు. ఎవుడైనా అడ్డమొస్తే..."

"నా కర్రుంది" అన్నాడు తవిటయ్య.

మేనేజరు జీపు మధ్యాహ్నానికి వచ్చేసరికి నలభై బళ్ళు ఖాళీగా తిరిగిపోయాయి. పెదబాబు గొంతు బొంగురుపోయింది. తవిటయ్య వరసలో తన సొంత అల్లుడి ట్రాక్టర్ని కూడా వెనక్కి నెట్టించేశాడు. గణపతిరావు గుమ్మంలో నిలబడి, "ఒక్క బండి నిలబడకూడదన్నాను" అన్నాడు, కాస్త బలహీనంగా.

"రేపు నిలబడకూడదన్నారు సార్. ఇయ్యేళ కాదు" అంది నాగవేణి, పెన్ను ఆపకుండా.

ఆయన ఏదో అనబోయి, ఎదురుగా ఉన్న కాగితాల కట్ట చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇటియ్యి. సగం నేను రాస్తాను. నా చేతిరాత బాగుంటుంది" అన్నాడు. గుమాస్తాగా చేరి పైకొచ్చిన మనిషి. చేతిరాత నిజంగానే బాగుంటుంది. ఆఖరి ట్రాక్టరు తూగి గేటు దాటేసరికి ఎండ ఇంకా కాటా రేకు మీద ఉంది.

శనివారం వాన లేదు. మబ్బు కూడా లేదు. కోటపాడు కాటా దగ్గర ఒక్క బండీ లేదు. నాగవేణి తొమ్మిదింటికి ఫ్లాపీలు ఒకటొకటే పెట్టి మూడో వర్షన్ ఎక్కించింది. ఎక్కింది. తేదీ ముందుకి జరిపి చూసింది. రెండువేల సంవత్సరాన్ని రెండువేలనే చూపించింది. తర్వాత పాతదాంతో ఒక పట్టీ, కొత్తదాంతో ఒక పట్టీ, రాబోయే వారం ఎవరు నరకాలో అచ్చు కొట్టింది.

పదకొండింటికి తవిటయ్య గొడుగు పట్టుకుని వచ్చాడు. ఎండలో గొడుగు.

"ఏదమ్మా నీ వర్సం?"

"సెప్పేను కదా తాతా. నిన్న నమ్మలేదు."

"ఇయ్యేళా నమ్మనులే. సాయంత్రం దాకా సూస్తాను" అని బెంచీ మీద కూలబడ్డాడు. అరవై బళ్ళు నిలబెట్టినవాణ్ణి పొమ్మనడం ఎలా? ఉన్నవాడికి పనియ్యడమే మంచిదనుకుంది నాగవేణి.

"అయితే ఇను తాతా. కొత్త పట్టీలో పేర్లు సదువుతాను. ఈ ఊళ్ళ తోటలన్నీ నీకు తెలుసు కదా." అని మొదలుపెట్టింది. "ఒకటి. తవిటయ్య, కార్సి తోట. వయసు ఇరవై రెండు నెలలు. సోమవారం నరకాల."

తవిటయ్య గొడుగు కింద పెట్టాడు. "ఎవులిది, నాదే? నా కార్సి తోటకి ఇరవై రెండు నెల్లా? నాకు తెలీకుండా ఎప్పుడు పెరిగిపోనాదమ్మా అది!"

చెరకు ఒకసారి నాటితే మొక్క తోట. అది నరికాక మోడు నుంచి మళ్ళీ చిగిర్చేది కార్సి తోట. దాని వయసు నాటిన రోజు నుంచి కాదు, ఆఖరుసారి నరికిన రోజు నుంచి. పాలు తాగే పిల్లవాడి వయసు అడిగితే తల్లి పుట్టినరోజు నుంచి ఎవరైనా లెక్కేస్తారా?

"మొన్న మార్చి ఆఖర్న నరికేను దాన్ని. తొమ్మిది నెల్లవ్వలేదు. ఇంకా సప్పగా ఉంది. ఇప్పుడు నరికితే నీల్లు తప్ప ఏటీ రాదు" అన్నాడు తవిటయ్య.

నాగవేణి పాత పట్టీ లాగింది. అందులో తవిటయ్య కార్సి తోట లేనే లేదు. అది కోతకొచ్చేది ఫిబ్రవరి తర్వాతే. కొత్తదాంట్లో మొదటి పదిహేను పేర్లూ కార్సి తోటలే. నాటిన తేదీ నుంచే వయసు కట్టి, ముదిరిపోయాయని అన్నిటినీ ముందుకి తోసేసింది. పండిన మొక్క తోటలన్నీ వెనక్కి పోయాయి. ఇదే ముప్పయ్యొకటిన నాలుగు కాటాల్లోనూ ఒక్కసారే వేసి ఉంటే, కొత్త సంవత్సరం మొదటి వారంలో నాలుగు మండలాల్లో పచ్చి చెరకు నేలకూలేది. డబ్బా అబద్ధమాడదు కదా, అందరూ నరికేసేవారే.

విశాఖపట్నానికి ఫోను చేసింది. సంతోష్‌కుమార్ తియ్యగా మాట్లాడాడు. "అన్నీ టెస్ట్ చేశామండీ. ప్రాబ్లం ఉండదండీ. మీరు డేట్ తప్పు కొట్టుంటారు."

"తేదీ సరిగానే కొట్టేనండీ. కార్సి తోటకి వయసు తప్పొస్తంది."

"కార్సి అంటే ఏంటండీ?"

నాగవేణి ఫోను తీసి తవిటయ్య చేతిలో పెట్టింది. "ఈయన సెప్తాడు, ఇనండి."

తవిటయ్య పావుగంట చెప్పాడు. నాటడం నుంచి మొదలుపెట్టి, మోడు చెక్కడం, చిగురు రావడం, నీళ్ళు కట్టడం, అన్నీ. మధ్యలో, "బాబూ, నువ్వు సెరకు తిన్నావా ఎప్పుడైనా?" అని కూడా అడిగాడు. తిన్నానని చెప్పాడు కాబోలు. "అది కార్సో మొక్కో సూసుకున్నావేటి మరి!" అని గద్దించాడు.

నాగవేణి పాత వర్షన్ మళ్ళీ పెట్టేసింది. సోమవారం వచ్చిన కొద్దిపాటి బళ్ళు మామూలుగా తూగాయి. కోటపాడులో ఏదో జరిగిందని ఎవరికీ తెలియలేదు, వర్సం రాలేదన్న బెంగ తప్ప. బుధవారం సంతోష్‌కుమార్ తానే బస్సు దిగి ఒక ఫ్లాపీ తెచ్చాడు. ప్రోగ్రాము మొత్తం కాదు, ఆ ఒక్క తప్పు మీద వేసే ముక్క. ప్యాచ్ అన్నాడు. ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ విని, "సినిగిన సోట మాసికేసినాడన్నమాట. బట్టంతా మార్సకుండా. ఈ గుంటడికి ఆమాత్రం బుర్రుంది" అంది. కొత్త వర్షన్ మళ్ళీ ఎక్కించి ముక్క వేశాక రెండు పట్టీలూ పక్కపక్కన పెడితే పేరుకి పేరు, రోజుకి రోజు సరిపోయాయి. సంతోష్‌కుమార్ ఆ పట్టీల వైపు చూసి, "ఈ పద్ధతి మీకెవరు నేర్పారండీ?" అని అడిగాడు. అత్త అని చెప్తే బాగుండదని నాగవేణి ఊరుకుంది.

శనివారం బుచ్చయ్యపేట అయిపోయింది. ఈసారి పెదబాబు నోట వర్షన్ మాటే లేదు. "కాటా మిసను రిపేరు" అని కేకేసి పోయాడు. ఆ పై బుధవారం రావికమతం కూడా అయింది. అక్కడ ప్రింటరు గంటసేపు అలిగింది. అంతే.

గురువారం గణపతిరావు పిలిపించాడు. బల్ల మీద నాగవేణి గీతల కాగితం ఉంది. మూడు కాటాల పక్కన ఆయనే ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకున్నాడు. చోడవరం పక్కన తేదీ ఖాళీ.

"ప్రెసిడెంటుగారు ముప్పయ్యొకటి అంటున్నారు" అన్నాడు. తర్వాత పెన్ను ఆమె వైపు తిప్పి, "నువ్వు ఎప్పుడంటావు?" అని అడిగాడు.

ఐదేళ్ళలో ఆయన ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. నాగవేణి తొందరపడలేదు.

"ఇరవై ఏడు, సోమవారం సార్. ఆ రోజు ఆర్డర్లు నిన్నే సర్దేసేను. తేడా వస్తే సరిచేసుకోడానికి మూడు రోజులుంతాది. ముప్పయ్యొకటిన కొబ్బరికాయ కొట్టించండి. అప్పటికి అన్నీ పని చేస్తా ఉంతాయి కాబట్టి, ఆయన కొట్టగానే పని చేసినట్టుంతాది."

గణపతిరావు నవ్వాపుకోలేకపోయాడు. ఇరవై ఏడు అని రాసుకున్నాడు. సొరుగులోంచి ఇంకో ఉత్తరం తీశాడు.

"కంపెనీ రాసింది. నాలుగో వర్షన్ మే నెలలో ఇస్తారట. కార్సి తోట సంగతి ముందే మనల్ని అడుగుతామన్నారు. ఈసారి ఆఖర్న హడావిడి వద్దు. ఏ కాటా ఎప్పుడో ఇప్పట్నుంచే వేసి పెట్టు."

మే నెల. ఉగాది ఏప్రిల్లో. ఉగాది దాటాక చేసే పనిని ఈయన ఇప్పుడే చేతిలో పెడుతున్నాడు. ఆ మాట ఆయన నోటితో అనలేదు, అనలేడు కూడా. నాగవేణి ఉత్తరం అందుకుంది.

"సార్, రెండువేల సంవత్సరం క్యాలెండరు ఇంకా రాలేదు."

"వచ్చేదాకా నువ్వే గీసుకో" అన్నాడు గణపతిరావు.

నాగవేణి తన బల్ల దగ్గరకొచ్చి, తెల్లకాగితం మీద స్కేలు పెట్టి మే నెలకి గళ్ళు కొట్టడం మొదలుపెట్టింది. కిటికీ అవతల ఒక రైతు నిలబడి కంప్యూటర్ వీపుని అడుగుతున్నాడు, తన తోట ఎప్పుడని.

"ఇటు సూడు బాబూ" అంది నాగవేణి. "సెప్పేది నాను."

రైతు మొదటిసారి ఆమె వైపు చూశాడు.